గాయం లేని ఏడాది

సోమవారం పొద్దున ఆరింటికి ఇంకా పది నిమిషాలుందనగా ఒఫేలియా మద్రిగల్ స్టూలు ఎక్కింది. ఆదివారం సెలవు గనక సోమవారం ఎప్పుడూ రెండు రోజులు కలిపి లెక్క మార్చాలి. ఐదు పలక తీసి ఆరు పెట్టింది, తొమ్మిది తీసి ఒకటి పెట్టింది. ఆపిల్ పళ్లు ప్యాకు చేసే ఆ షెడ్డు గోడమీది బోర్డు ఇప్పుడు ‘గాయం లేకుండా గడిచిన రోజులు: 361’ అంటోంది.

కింద నిలబడ్డ నూటనలభై మంది రబ్బరు తొడుగుల చేతులతో చప్పట్లు కొట్టారు. ఆ చప్పుడు రేకుల కప్పుకు తగిలి వానలా మోగింది. స్టూలు మీదే ఒకసారి నడుము వంచి దండం పెట్టి దిగిందామె. మూడో బెల్టు దగ్గరి ముసలి నాచో, ఇవాళ కాస్త ఎక్కువ వంగావు, నడుం పట్టేస్తే మళ్లీ సున్నా నుంచి లెక్క మొదలు అన్నాడు. అందరూ నవ్వారు. ఆ వారం దేనికైనా నవ్వొచ్చేట్టుంది వాళ్లకి.

గేటు పక్కన ముదురు నీలం పికప్ బండి నిలబెట్టి ఉంది. తెల్ల రిబ్బను చుట్టారు. లోపలికొచ్చే ప్రతివాడూ దాని బానెట్టు మీద అరచెయ్యి వేసి వస్తున్నాడు. శుక్రవారం పొద్దున బోర్డు మీద 365 పడితే డబ్బాలో చీట్లు వేసి ఒకటి తీస్తారు. ఆ పేరుగలవాడు బండి తాళాలు తీసుకుని ఇంటికి పోతాడు. మిగతావాళ్లకి వీపున షెడ్డు బొమ్మ కుట్టిన జాకెట్లు, మధ్యాహ్నం కాల్చిన మాంసంతో విందు.

ఆపిల్ కోతల కాలం. తోటల నుంచి తొట్టెలు తొట్టెలుగా పళ్లు దిగుతున్నాయి. నీళ్ల కాలువలో పడి తేలుతూ వచ్చి, బ్రష్షుల కింద దొర్లి, మైనం పూత వేయించుకుని బెల్టుల మీదికి ఎక్కుతున్నాయి. దెబ్బ తగిలిందీ మచ్చ పడిందీ ఏరి పక్కకు తొయ్యాలి. ఇరవైరెండేళ్లుగా ఒఫేలియా చేసే పని అదే. ఇప్పుడు మూడో బెల్టుకు పెద్ద. మాట్లాడుతూనే ఉంటుంది, చెయ్యి తనపాటికి తను పోయి చెడ్డ పండు మీద వాలుతుంది.

తొమ్మిదింటి విరామంలో మేనేజరు కర్ట్ హేవర్‌క్యాంప్ బల్ల మీద కూర్చుని, పొద్దుతిరుగుడు గింజలు నములుతూ, తనకొచ్చిన స్పానిష్‌లో సంగతి చెప్పాడు. గాయపడ్డ కార్మికుల కోసం ప్రతి షెడ్డూ రాష్ట్రానికి బీమా ప్రీమియం కట్టాలి. ఏడాదిలో ఒక్క గాయం క్లెయిము కూడా రాని షెడ్డుకి ఆ ప్రీమియంలో పెద్ద రాయితీ. ఈ పికప్పు, జాకెట్లు, ఆ విందు అన్నీ ఆ రాయితీలోంచి పుట్టినవే. ఇప్పుడు రాష్ట్రం ఆ నిబంధన మారుస్తానంటోంది. క్లెయిములు సున్నా అయినంత మాత్రాన రాయితీ ఇవ్వరట. నేల జారకుండా ఏం చేశారు, యంత్రాలకు కంచెలు వేశారా, దెబ్బ తగిలిన రోజే కబురు చేశారా అని చూసి ఇస్తారట. గురువారం పదింటికి యాకిమా పట్నంలో, సంత మైదానం హాల్లో, జనం మాట వినడానికి రాష్ట్ర రాజధాని నుంచి అధికారి వస్తోంది.

“వకీళ్లు మాట్లాడితే వాళ్లకి నిద్దరొస్తుంది,” అన్నాడు కర్ట్. “నువ్వు మాట్లాడు, ఒఫేలియా. ఈ సున్నా మనం ఎట్లా నిలబెట్టుకున్నామో నీ మాటల్లో చెప్పు చాలు.”

ఒఫేలియాకు చెవుల దాకా వేడెక్కింది. ఈ దేశానికి వలసొచ్చాక ఆమెను ఎవరూ ఏ విషయం మీదా నాలుగు మాటలు చెప్పమని అడగలేదు. ఇంగ్లీషు మొత్తం అర్థమవుతుంది గాని నోరు తిరగదు. దుబాసీ ఉంటాడన్నాడు కర్ట్. మైకు కూడా ఉంటుందన్నాడు.

బెల్టు దగ్గరికి తిరిగి వెళ్లేటప్పుడు ఆమె కాళ్లు నేల మీద ఆనడం లేదు.

*

పదకొండున్నరకి చాయో పడిపోయింది.

అసలు పేరు రొసారియో. చాయో అనే పిలుస్తారు. ముప్పైయొక్కేళ్ల మనిషి, నీళ్ల కాలువ దగ్గర అట్ట పళ్లేల దొంతరలు మోసుకొచ్చి ప్యాకింగు వాళ్లకి అందిస్తుంటుంది. ఆమె కూతురికి జ్ఞానస్నానపు తల్లి ఒఫేలియాయే. అప్పటినుంచీ ఇద్దరూ ఒకరినొకరు వదినా అనే పిలుచుకుంటారు.

కాలువ అంచు మీంచి నీళ్లు చిమ్మి నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది. దానిమీద మైనం తుంపరలు. గడ్డం దాకా పళ్లేలు పట్టుకుని వస్తున్న చాయోకు కాళ్ల కింద నేల కనపడలేదు. పళ్లేలు ముందుకు ఎగిరాయి, మనిషి వెనక్కి పడింది, కుడిచెయ్యి ఒంటి కింద మడిచిపోయింది. ఎండుకట్టె విరిచినట్టు చిన్న చప్పుడు. బెల్టుల హోరులో అది విన్నది ఒఫేలియా ఒక్కతే.

ఎర్ర మీట లాగి బెల్టు ఆపి పరుగెత్తింది. చాయోను లేపి గోడకు ఆనించి కూర్చోబెట్టింది. మణికట్టు అప్పుడే ఉబ్బుతోంది.

“విరిగిందంటావా వదినా?” అంది చాయో. పెదవులు తెల్లబడ్డాయి.

“బెణికి ఉంటుందిలే. ఏదీ, వేళ్లు కదుపు.”

మూడు కదిలాయి. చిటికెన వేలు, దాని పక్కది కదిలీ కదలనట్టు ఉన్నాయి.

ఒఫేలియా తల ఎత్తింది. బెల్టులన్నీ ఆగిపోయాయి. షెడ్డు షెడ్డంతా ఇటే చూస్తోంది. ఒకళ్లిద్దరి చూపు చాయో మీంచి బోర్డు మీదికి పోయి వచ్చింది. మేనేజరు గది తలుపు మూసే ఉంది. ఇలాంటప్పుడు ఆ తలుపు తెరుచుకోదు. తెరవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

ఆ షెడ్డులో ‘కుర్చీ పని’ అని ఒక మాట ఉంది. దెబ్బ తగిలినవాళ్లు ఆస్పత్రికి పోరు. మర్నాడు మామూలుగా వచ్చి హాజరు వేయించుకుని, విరామం గదిలో కూల్‌డ్రింకుల యంత్రం పక్కనున్న కుర్చీలో కూర్చుంటారు. ఒక చేత్తో అయ్యే పని ఏదన్నా ఉంటే చేస్తారు, లేకపోతే ఊరికే కూర్చుంటారు. రోజు పోదు, కూలి పోదు, క్లెయిము పుట్టదు. ఈ పద్ధతి ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ జ్ఞాపకం లేదు. ఎవర్నీ ఎవరూ బలవంతపెట్టరు.

“నాలుగు రోజులు చాయో,” అంది ఒఫేలియా గొంతు తగ్గించి. “నాలుగే. శుక్రవారం చీటీ తియ్యగానే నేనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తా.”

చాయో ఆమె మొహంలోకి చూసింది. తర్వాత జనం వైపు తిరిగి గొంతు పెంచింది.

“ఏం చూస్తున్నారు, బెల్టు తిప్పండి. పడింది నేనేగా, బండి మీద గీత పడలేదుగా.”

షెడ్డంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. నవ్వులు, చప్పట్లు, ఈలలు. ఒకడు చాయో పేరు పెట్టి జే కొట్టాడు. పెట్టెల దిమ్మలకు చుట్టే పలచటి ప్లాస్టిక్ కాగితం తెచ్చి, మంచుగడ్డ సంచి పెట్టి, ఒఫేలియా ఆ మణికట్టును గట్టిగా చుట్టింది. ఇంత దగ్గరికొచ్చి తప్పిపోయిందే అనుకున్నది తప్పిపోలేదు. ఇన్నాళ్లు పట్టి ఉంచింది ఇంకా చేతిలోనే ఉంది.

*

ఆ సాయంత్రం నుంచీ వంటింట్లో ప్రసంగం తయారవడం మొదలైంది. ఒక్కొక్కరికి మూడే నిమిషాలు ఇస్తారని కర్ట్ చెప్పాడు. భర్త ఎలిసేయో పొయ్యి గడియారం మీద మూడు నిమిషాలు పెట్టి, బల్ల దగ్గర చేతులు కట్టుకుని అధికారిలా కూర్చున్నాడు. ఒఫేలియా గరిటె మైకులాగా పట్టుకుంది.

మొదటిసారి తన పేరు, ఊరు, అమ్మమ్మ పేరు చెప్పేసరికే గంట మోగింది. రెండోసారి షెడ్డు దగ్గరికి వచ్చింది. మూడోసారి బోర్డు దాకా వెళ్లింది.

“రాష్ట్రం వాళ్లు మన పెళ్లి ఫొటోలు కూడా అడిగారా?” అన్నాడు ఎలిసేయో. “చెప్పేది చెప్పు. మిమ్మల్ని మీరు ఎట్లా కాపాడుకుంటున్నారో అది చెప్పు.”

“నువ్వు పెదాలు అట్లా బిగించి కూర్చుంటే నాకు నోరు పెగలదు. మామూలుగా కూర్చో.”

“అధికారులు మామూలుగా కూర్చోరు.”

మంగళవారం ఆమె బెల్టు దగ్గర కూడా పెదవులు కదుపుతూనే ఉంది. అటు ఇటు ఆడవాళ్లు వినమన్నారు, వాళ్లకి వినిపించింది. కుర్చీ సంగతి చెప్పు అన్నారు, మనం ఒకళ్లకొకళ్లం ఎట్లా నిలబడతామో అది చెప్తేనే తెలుస్తుంది అన్నారు. ఆమెకూ అది బాగుందనిపించింది. ఇంటి నుంచి ఒక మెత్త దిండు తెచ్చి చాయో మోచేతి కింద పెట్టింది. దుంపలూ మాంసం వేసి కాచిన పులుసు డబ్బాలో తెచ్చింది. చాయో ఎడమచేత్తో చెంచా పట్టుకుని తింది. ఆపిల్స్‌కి అంటించే చీటీల చుట్టలు ఎడమచేత్తోనే విడదీస్తోంది. గంటకు రెండు చుట్టలు. అందరూ వచ్చి పలకరించి పోతున్నారు. నాచో వచ్చి, బండి నీకొస్తే ఒంటిచేత్తో తోలడం ఇప్పుడే నేర్చుకో అన్నాడు. నేర్చుకుంటున్నా, నువ్వు రోడ్డెక్కకు చాలు అంది చాయో.

బుధవారం మధ్యాహ్నం ఒఫేలియా వేడి వేడి కాఫీ కాగితం కప్పులో పోసి తెచ్చి ఇచ్చింది. చాయో మరచిపోయి కుడిచెయ్యి చాపింది. కప్పు ఒరిగింది. కాఫీ ఆ రెండు వేళ్ల మీదుగా కారి నేల మీద పడింది. ఒఫేలియా అబ్బా అంటూ తనే వెనక్కి గుంజుకుంది. చాయో కదల్లేదు. తన వేళ్లను తను చూసుకుంటూ కూర్చుంది.

“కాలిందా?”

“తెలీలేదు,” అంది చాయో.

ఇద్దరూ కాసేపు ఆ వేళ్లను చూశారు. వంగపండు రంగుకి తిరిగాయి, గోళ్ల కింద నల్లగా ఉంది. ఒఫేలియా తువ్వాలుతో మెల్లగా అద్దింది. చాయో మొహం చూడకుండా అద్దింది.

“రేపు, ఎల్లుండి. అంతే వదినా.”

“నేనేం అన్లేదుగా,” అంది చాయో. ఎడమచేత్తో దిండు సర్దుకుని, “రేపు అక్కడ తడుముకోకు. నీ గొంతు బావుంటుంది. గట్టిగా మాట్లాడు,” అంది.

*

గురువారం షెడ్డు వ్యానులో పదిమంది, సొంత కార్లలో ఇంకో ముప్పైమంది యాకిమా వచ్చారు. నలభై మందీ కొత్త జాకెట్లు ముందే తీసుకుని తొడుక్కున్నారు. హాలు నిండిపోయింది. మడత కుర్చీలు చాలక గోడల వెంట నిలబడ్డారు. తోటల యజమానులు, ఇంటికప్పులు వేసే కాంట్రాక్టర్లు, ఒక కార్మిక సంఘం నాయకురాలు, టై కట్టుకున్న వకీళ్లు. మధ్యలో మైకు.

ముందు బల్ల దగ్గర కూర్చున్న అధికారి పేరు ఎల్లింగ్‌సన్. అరవై ఏళ్లుంటాయి, నెరిసిన పొట్టి జుట్టు, ముందు రికార్డరు, పక్కన నిబంధన ముసాయిదా కాగితాల దొంతర. ఇక్కడ వాదనలుండవని ఆమె ముందే చెప్పింది. చెప్పిన ప్రతి మాటా రికార్డులోకి ఎక్కుతుందని, ప్రతి మాటకూ తాము రాతపూర్వకంగా జవాబు చెప్పాల్సిందేనని, ఆ తర్వాతే నిబంధన మారుతుందో లేదో తేలుతుందని చెప్పింది. ప్రతి మాటకూ జవాబు చెప్తారట. ఆ మాట వినగానే ఒఫేలియా వెన్ను నిటారయింది.

తోటల సంఘం వకీలు మాట్లాడాడు. సున్నాకు మించిన భద్రత ఏముంటుందని అడిగాడు. కార్మిక సంఘం నాయకురాలు లేచి, దెబ్బలు తగ్గడం వేరు, చెప్పడం తగ్గడం వేరు అంది. వెనక నుంచి గొణుగుడు లేచింది. తర్వాత ఒఫేలియా పేరు పిలిచారు.

మైకు ఆమె ఎత్తుకు దించారు. పక్కన సన్నటి కుర్రదుబాసీ నిలబడ్డాడు. ఆమె ఒక వాక్యం చెప్పాలి, ఆగాలి, అతను దాన్ని ఇంగ్లీషులో చెప్తాడు. ‘నేను’ అంటే అతనూ ‘నేను’ అనే అంటాడు.

మొదటి రెండు వాక్యాలు కంఠతా పట్టినవే వచ్చాయి. మూడోదానికి గొంతు దానంతటది తెరుచుకుంది. తన గొంతు ఆ పెద్ద హాలు మూల మూలకీ వెళ్లి రావడం ఆమెకు వినిపించింది. మాది ఒక కుటుంబం అంది. ఈ పొద్దుటికి మూడువందల అరవైనాలుగు రోజులంది. జాకెట్లవాళ్లు చప్పట్లు కొట్టారు. ఒకడు పడితే పదిమందిమి లేపుతాం అంది. మాలో ఎవరికి దెబ్బ తగిలినా ఇంటి దగ్గర ఒంటరిగా పడి ఉండనివ్వం, షెడ్డుకే తెచ్చుకుంటాం, మెత్తటి కుర్చీ వేస్తాం, దిండు పెడతాం, అన్నం పెడతాం అంది. నాచో కాలి మీద తొట్టె దిగితే మర్నాడు పొద్దున్నే కుర్చీలో ఉన్నాడు, ఒక్క రోజు పోనివ్వలేదు అంది. మళ్లీ చప్పట్లు. గంట మోగేసరికి ఆమె ఇంకా నిలబడే ఉంది. మొహం వెలిగిపోతోంది.

ఎల్లింగ్‌సన్ ఏదో రాసుకుంటోంది. కలం ఆపి తలెత్తింది.

“నాకు సరిగ్గా అర్థం కావడం కోసం ఒక్కటి అడుగుతాను. ఇష్టం లేకపోతే చెప్పక్కర్లేదు. ఈ ఏడాదిలో ఆ కుర్చీలో ఎంతమంది కూర్చున్నారు?”

ఒఫేలియా దుబాసీ కోసం ఆగలేదు. వేళ్లు మడిచి లెక్కపెట్టింది. ఒక్కర్ని మరచిపోయినా వాళ్లు చిన్నబుచ్చుకుంటారని జాగ్రత్తగా పేర్లతో సహా చెప్పింది. నాచో, కాలు. ఓర్తెన్సియా, నడుము. పెట్టెలు పేర్చే అన్నదమ్ములు ఇద్దరూ, ఒకరికి భుజం, ఒకరికి మోకాలు. మైనం గదిలో కళ్లలో మందు పడ్డ పిల్ల. బొటనవేలు బెల్టులో ఇరుక్కున్న సెనోబియో. ఏడోది, మొన్న సోమవారం మా వదిన చాయో, మణికట్టు.

ఆమె ఆగింది. దుబాసీ మొదలుపెట్టాడు.

అతని గొంతులో ఎత్తుపల్లాలు లేవు. సరుకుల పట్టీ చదివినట్టు చదివాడు. నాచో, పాదం. ఓర్తెన్సియా, నడుము. ఒఫేలియా తన మాటలే వింటోంది. ఇంగ్లీషులో అవి తనవిలా లేవు. మైనం గది, కళ్లు. బెల్టు, బొటనవేలు. ఇంకెవరో ఇంకేదో షెడ్డు గురించి చెప్తున్నట్టుంది. ఆ షెడ్డులో పనిచేసేవాళ్ల మీద జాలేసింది ఆమెకు. మొన్న సోమవారం, అన్నాడు దుబాసీ, మా వదిన, మణికట్టు. ఎవరో ‘మా వదిన’ అంటున్నారు.

హాలులో చప్పట్లు లేవు. జాకెట్లవాళ్లు ఒకళ్లనొకళ్లు చూసుకోవడంలేదు.

“మీ వదినను డాక్టరు చూశారా?” అంది ఎల్లింగ్‌సన్ మెల్లగా.

కర్ట్ మొదటి వరసలోనే ఉన్నాడు. నమలడం ఆపి తన బూట్లవైపు చూస్తున్నాడు.

“లేదు,” అంది ఒఫేలియా. అది ఇంగ్లీషులోనే అంది. దుబాసీకి చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

“ఆమె ఇప్పుడెక్కడున్నారు?”

“కుర్చీలో ఉంది.” మళ్లీ తన భాషలోకి వచ్చింది. “రెండు వేళ్లకి వేడి తెలీడంలేదు. కుర్చీలో కూర్చోమని నేనే చెప్పా. మేనేజరు చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. అదీ రాసుకోండి. బండి కోసం చెప్పా. ఇక్కడికొచ్చి ఇట్లా మాట్లాడొచ్చని చెప్పా.”

దుబాసీ ఒక్క క్షణం తటపటాయించి, నేనే చెప్పాను అన్నాడు. ఎల్లింగ్‌సన్ రాసుకుంది. చాయో అంటే ఏ అక్షరాలని అడిగి మరీ రాసుకుంది.

ఒఫేలియా మళ్లీ హాల్లో తన సీటు దగ్గరికి వెళ్లలేదు. వరసల మధ్య నుంచి నేరుగా తలుపు దాకా నడిచి బయటికొచ్చేసింది. ఎండ కళ్లలో పడింది. వ్యాను దగ్గరికి వెళ్లి తలుపు లాగింది, తాళం వేసి ఉంది.

కర్ట్ వెనకే వచ్చాడు. తాళాలు చేతిలో ఉన్నాయి.

“ఒక్క రోజు, ఒఫేలియా,” అన్నాడు. “ఇంకొక్క రోజే కదా ఉంది.”

కోపంగా అనలేదు. ఏడుపు ఆపుకుంటున్నవాడిలా అన్నాడు. ఆ విందుకి మాంసం ప్రతి ఏడూ తనే పొగలో నిలబడి కాలుస్తాడు. కుర్చీ సంగతి అతనికి తెలియదని ఆమె అనుకోలేకపోయింది. తెలుసని అతనెప్పుడూ అనలేదు. ఆమె చెయ్యి చాపింది. అతను ఆ చెయ్యి వంక చాలాసేపు చూసి, తాళాలు అందులో పెట్టాడు.

అంత పెద్ద బండి ఆమె ఎప్పుడూ తోల్లేదు. మైదానం గేటు దగ్గర అంచు ఎక్కి దిగింది. హైవే ఎక్కాక కాలు బిగించింది. ఖాళీ వ్యాను గడగడలాడుతూ ద్రాక్షతోటల మధ్య నుంచి దూసుకుపోయింది. భయం వెయ్యడంలేదని గమనించి ఆశ్చర్యపోయింది. పైగా నవ్వొస్తోంది. గట్టిగా మాట్లాడు అంది కదా చాయో, మాట్లాడా వదినా అని పైకే అంది.

*

షెడ్డు నుంచి అదే వ్యానులో తీసుకొచ్చిన చాయో చేతికి క్లినిక్‌లో ఎక్స్‌రే తీసి చూశారు. మణికట్టులో చిన్న ఎముక చిట్లి నరాన్ని నొక్కుతోంది. ఆ సాయంత్రమే కోసి సరిచేస్తామన్నారు. ఒక వేలికి స్పర్శ తప్పక తిరిగొస్తుందని, రెండోదాని సంగతి ఇప్పుడే చెప్పలేమని డాక్టరు చెప్పింది. సోమవారమే వచ్చి ఉంటే అని మొదలుపెట్టి ఆపేసింది.

కౌంటరులోని అమ్మాయి రాష్ట్రం క్లెయిము ఫారం ఇచ్చింది. చాయో కుడిచెయ్యి కట్టు కింద ఉంది. ఎడమచేత్తో కలం పట్టుకుని, వంకరటింకర అక్షరాలతో తనే పూరిస్తానంది. పేరు రాసింది. దెబ్బ తగిలిన రోజు, సోమవారం. ఎలా తగిలింది, తడినేల. ఆ కింద ఒక గడి ఉంది: దెబ్బ సంగతి పనిచోట మొదట ఎవరికి చెప్పారు?

కలం అక్కడ ఆగింది. చాయో ఆ గడి వదిలేసి కింది వరసకి పోబోయింది.

“రాయి,” అంది ఒఫేలియా.

“ఎందుకు వదినా. ఎవరికీ చెప్పలేదని రాస్తాలే. నీ జోలికి ఎవరూ రారు.”

“నాకే చెప్పావు. నాకే కదా చెప్పావు. నా పేరు రాయి.”

చాయో రాసింది. మద్రిగల్‌లో ఒక అక్షరం తప్పు పోయింది. ఒఫేలియా దిద్దించింది.

ఫారం తీసుకుంటూ కౌంటరు అమ్మాయి, మూడు రోజులే కదా ఏం ఫరవాలేదు, దెబ్బ తగిలిన ఏడాది లోపల ఎప్పుడైనా వెయ్యొచ్చు అంది. ఏడాది దాటితేనే ఇంక ఏమీ చెయ్యలేరు అంది.

ఒఫేలియా వెళ్లబోతున్నదల్లా ఆగిపోయింది. నాచో కాలు నిరుడు అక్టోబరులో, లెక్క మొదలైన ఆరో రోజున. ఓర్తెన్సియా నడుము ఫిబ్రవరిలో. మిగతావన్నీ వేసవిలో. అందరూ ఏడాది లోపలే ఉన్నారు. నాచోకు మాత్రం ఆరు రోజులుంది.

“ఇలాంటి కాగితాలు ఇంకో ఆరు ఇస్తావా అమ్మా?” అని అడిగింది.

*

శుక్రవారం పొద్దున షెడ్డు ముందు పికప్పు లేదు. రాత్రే ఎవరో వచ్చి తీసుకుపోయారన్నారు. నేల మీద రిబ్బను ముక్క ఒకటి పడి ఉంది. బోర్డు గోడ మీంచి దించి, వెనక్కి తిప్పి ఆనించారు. కర్ట్ తన గదిలోనే ఉన్నాడు, తలుపు బార్లా తెరిచి ఉంది. నీళ్ల కాలువ పక్కన ఇద్దరు మేస్త్రీలు మోకాళ్ల మీద కూర్చుని గరుకు చాపలు పరుస్తున్నారు.

ఒఫేలియా లోపలికొచ్చి మూడో బెల్టు దగ్గర నిలబడింది. ఆ పొద్దంతా బెల్టు దగ్గర ఆమె వైపు ఎవరూ చూడలేదు. పెట్టెలు పేర్చే అన్నదమ్ముల్లో పెద్దవాడు ఆమె వెనకనుంచి పోతూ, మా బండి తినేసి అరిగించుకున్నావా అన్నాడు. చెడ్డ పళ్లు ఏరుతూనే ఉంది. ఒంట్లో నిన్నటి ఊపు ఇంకా తగ్గలేదు. ఎవరు ఏమన్నా దాన్ని తగ్గించలేకపోతున్నారు.

నిబంధన మారడానికి ఇంకా ఏడు నెలలు పట్టింది. మారింది. దాంతోపాటు రాష్ట్రం అచ్చువేసిన జవాబుల పుస్తకం పంపినప్పుడు ఎలిసేయో వేలు పెట్టి చూపించాడు. పందొమ్మిదో పేజీలో, ఒక సాక్షి చెప్పిన కుర్చీ సంగతిని బట్టి ఈ వాక్యం చేర్చామని రాశారు. గాయం సంగతి కబురు చేసినందుకు ఏ యజమానికీ రాయితీ తగ్గదు, దాచినందుకు పూర్తిగా పోతుంది. ఆ వాక్యం ఆమెకు నోటికి వచ్చు. గరిటె పట్టుకోకుండానే వచ్చు. చాయోకు ఒక వేలు బాగయింది. రెండోది వంగుతుంది గాని ఇప్పటికీ వేడి తెలియదు.

అవన్నీ తర్వాతి సంగతులు. ఆ శుక్రవారం తొమ్మిదింటి విరామంలో ఒఫేలియా విరామం గదిలో ఒక్కతే బల్ల దగ్గర కూర్చుని, ఆరు ఫారాలు ముందు పరిచి, కలం టోపీ తీసి పెట్టుకుంది. జనం గుమ్మం దగ్గరే నిలబడ్డారు. గదిలోకి ఎవరూ రాలేదు. పదినిమిషాల విరామంలో ఆరు నిమిషాలు అట్లాగే పోయాయి.

అప్పుడు నాచో వాళ్లని తోసుకుంటూ వచ్చాడు. మొహం ముడుచుకునే ఉన్నాడు.

“ఆ బండి నాకే వచ్చేది,” అన్నాడు. “చీటీలో నా పేరే వచ్చుండేది, నాకు తెలుసు.”

“వచ్చుండేదే మామా.”

“నీ నోరు ఊరుకోదు.”

“ఊరుకోదు మామా.”

అతను కుంటుతూ బల్ల ఇటువైపు వచ్చి, మూలుగుతూ ఆమె ఎదుట కూర్చున్నాడు. వంగి బూటు తాడు విప్పాడు. బూటు లాగాడు, మేజోడు లాగాడు. బొటనవేలి పక్క మూడు వేళ్లూ ఒకదాని మీదికొకటి ఎక్కి, ఎముక అడ్డదిడ్డంగా అతుక్కుని ఉన్నాయి. ఏడాదిగా ఆ కాలి మీదే నిలబడి పనిచేస్తున్నాడు. గుమ్మం దగ్గరివాళ్లు మెడలు చాచి చూశారు. ఓర్తెన్సియా నడుం మీద చెయ్యి పెట్టుకుని రెండడుగులు లోపలికేసింది.

ఒఫేలియా మొదటి కాగితం ముందుకు లాక్కుంది.

“పేరు చెప్పు.”

“నా పేరు నీకు తెలీదా?”

“పూర్తి పేరు మామా. పొట్టిది కాదు. ఇగ్నాసియో నుంచి మొదలుపెట్టు.”